ఎలుగుబంటికీ తమరే

"పిలుపులో ఏముందమ్మా, మర్యాద మనసులో ఉండాలి గానీ" అనే పెద్దమనుషులు ఎదురుపడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనసులో నిజంగా ఉంటే నోటిదాకా రావడానికి దానికేం రోగం? ఆ మాట అనేవాళ్లను ఎవరైనా నడిబజారులో ఒక్కసారి "ఒరేయ్" అని పిలిచి చూడండి. మనసు సంగతి దేవుడెరుగు, ముందు చొక్కా పట్టుకుంటారు. నేను ఈ విషయంలో ఎవరితోనూ వాదించడం మానేశాను. నా వాదించే ఓపికంతా ఒక్క నాటకంతో, అందులోనూ మొదటి పాటతోనే హరించుకుపోయింది.

బళ్లారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి కొన్నేళ్లయింది. ఆఫీసు కాగితాలు కన్నడంలో వచ్చేవి, మా బడిలో పాఠాలు తెలుగులో నడిచేవి, సంతలో బేరాలు ఆ రెండూ కలిసిన ఇంకో భాషలో సాగేవి. రూపనగుడి దగ్గర బస్సు దిగి, నల్లరేగడి బాటలో నడిచి చేరుకునే ఒక ఊళ్లో నాకు టీచరు ఉద్యోగం. నేను పుట్టి పెరిగింది బళ్లారి టౌనులో. మా నాన్న నాటకం కంపెనీల్లో హార్మోనియం వాయించి మమ్మల్ని పెంచాడు. ఆయన పోతూ నాకు వదిలిన ఆస్తి ఆ హార్మోనియం పెట్టె ఒక్కటే. పెళ్లికాని పిల్ల హార్మోనియం వేసుకుని ఊళ్లోకి దిగిందని మొదటి వారమంతా జనం ఏదో ఒక వంకతో వచ్చి నన్ను చూసిపోయారు. "వాయిస్తావా, ఊరికే పెట్టుకున్నావా?" అని అడిగిన వాళ్లూ ఉన్నారు. వాయించి చూపించాక నోళ్లు మూతపడ్డాయి.

ఆ ఊరికి ఉన్న పిచ్చి ఒకటే, బయలాట, ఆరుబయట ఆడే పాటల నాటకం. పంట ఇంటికి చేరిందంటే ఆట ఆడాల్సిందే. ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. అది చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఏ పాత్ర అయినా మొదటిసారి వస్తూనే నేరుగా కథలోకి దిగకూడదు. నడుమ సారథి అని ఒకడు నిలబడి ఉంటాడు. వచ్చిన పాత్రవైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, "తమరెవరు? తమ నామధేయమేమి? తమది ఏ పురము?" అని అడుగుతాడు. అప్పుడా పాత్ర ఛాతీ విరుచుకుని తన పేరు, తండ్రి పేరు, ఊరు, బిరుదులు అన్నీ పాటలో చెప్పుకుంటుంది. అట్లా అడిగితేనే, అట్లా చెబితేనే పాత్ర వచ్చినట్టు లెక్క. రాజు వచ్చినా అంతే, రాక్షసుడు వచ్చినా అంతే. పరాయివాడి పెళ్లాన్ని ఎత్తుకుపోయే దుర్మార్గుడు వచ్చినా "తమరెవరు" అనే అడుగుతారు. ఆ ఊళ్లో నేను చూసిన మొదటి ఆటలో ఒకతను నల్లగొంగడి కప్పుకుని నాలుగు కాళ్ల మీద ఎలుగుబంటిలా గుర్రుమంటూ వచ్చాడు. సారథి ఆ ఎలుగుబంటికి కూడా వంగి దండం పెట్టి, "తమరెవరు? తమ నామధేయమేమి?" అన్నాడు. నేను నవ్వలేక చచ్చాను.

ఆ సారథి వేషం ఊరి గౌడది. మా వైపు గౌడ అంటే ఊరి పెత్తనం చేసే మనిషి. ఆయన తండ్రి సారథిగా నిలబడేవాడట, తర్వాత ఈయన. ఏభై ఏళ్ల మనిషి, గొంతు గంటలాంటిది. రాజుగారి బిరుదులన్నీ ఊపిరి తీసుకోకుండా ఒక్క బిగిన చదివేవాడు. చెడ్డవాడని అనను. నాకు అద్దె ఇల్లు చూపించింది ఆయనే, జొరమొస్తే కూతురి చేత గంజి పంపించింది ఆయనే. అందుకే ఆయన మీద నా కోపం అంత త్వరగా పోదు. కఠినుడి మీద కోపం రెండు రోజులుంటుంది, ప్రేమగా చూసినవాడు చేసిన పని మాత్రం గుచ్చుతూనే ఉంటుంది.

ఒకరోజు బ్లాకు ఆఫీసు నుంచి ఊరికి కబురొచ్చింది. అంటరానితనం పోవాలని జనానికి చెప్పే సంగీత నాటకం ఒకటి వెయ్యాలట, పెద్దాఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడట, గేరివాళ్లు కూడా అందులో పాల్గొనాలట. గేరి అంటే ఊరికి పడమట, వంక దాటాక ఉండే మాదిగల ఇళ్లు. ఆఫీసరు మెచ్చుకుంటే రూపనగుడి నుంచి ఊరిదాకా రోడ్డు వేయించుకోవచ్చని గౌడ ఆశ. సాయంత్రం బడికి వచ్చాడు.

"టీచరమ్మా, కతకేముండాది, మన పాత రాజు కత ఉండనే ఉండాది. దాని ముందర ఆ అంటరానితనం పాట ఒకటి తగిలిస్తే సరిపాయె. ఆ పాట నువ్వు రాయి."

తగిలించడమేమిటి, తోరణమా అది? అయినా సరేనన్నాను. నాకూ రాయాలనే ఉంది. కోట కట్టడానికి రాళ్లు మోసినవాళ్లను కోట వాకిలి దగ్గరే ఆపేస్తారు. వాళ్లలో ఒకడు ముందుకొచ్చి పాడతాడు. సారథి అతన్ని రాజును అడిగినట్టే "తమరెవరు?" అని అడుగుతాడు. అతను తన పేరు, తన తండ్రి పేరు, తన గేరి పేరు గొంతెత్తి చెబుతాడు. ఆ తర్వాతే కోట తలుపులు తెరుచుకుని రాజు కథ మొదలవుతుంది. ఇదీ నేను అనుకున్న వరస.

పాడేవాడు కూడా నా కళ్ల ముందే ఉన్నాడు. మా బడి ఆవరణ ఊడ్చే ముసలమ్మ కొడుకు. ముప్పై ఏళ్లుంటాయి. తుంగభద్ర కాలవ పనిలో మన్ను మోసొచ్చాడు. గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరికి వినబడేలా పాడి పాడి తేలిన గొంతు అతనిది. నోటి దురుసు కూడా తక్కువేం కాదు. కబురు చేస్తే వచ్చి బడి మెట్ల దగ్గర నిలబడ్డాడు. నేను పాట చదివి వినిపించాను.

"కోట గోడకు రాళ్లు మోస్తిమి, కోట లోనికి రావద్దంటిరి
బావి తవ్వితే నీళ్లు ఊరెను, బావి గట్టున నిలవద్దంటిరి
పంట కాస్తిమి, కాడు కాస్తిమి, ఎవరమయ్యా మేము, మీకెవరమయ్యా?"

విని, నవ్వి, "బాగుండాది టీచరమ్మా. బావి తీసేసి కాలవ అని పెట్టు. బావి మా తాతల కాలంది. కాలవ నేనే తవ్వినా, నా భుజం ఇంగా నొస్తాండాది" అన్నాడు. పెట్టాను. అప్పుడు అడిగాడు: "ఈ పాట అయినాక గౌడ నన్ను ఏమంటాడు?"

"తమరెవరు అంటారు."

నవ్వు ఆగిపోయింది. "నన్నా? అందురి ముందరా?"

"ఆటలో వచ్చిన వాళ్లందరినీ అడిగినట్టే మిమ్మల్నీ అడుగుతారు."

తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా నాయన్ను ఈ ఊళ్లో వాళ్లు సగం పేరుతోనే పిలిచి సంపేసిరి టీచరమ్మా. ఆయన పూర్తి పేరు మాకు దప్ప ఎవురికీ తెలీదు. ఆ మాట అడిగితే మా నాయన పేరు పూర్తిగా పాడతా. అడక్కపోతే నోరు తెరవను, ఇప్పుడే చెప్తాండా." అదీ అతని షరతు. డబ్బు అడగలేదు, బట్టలు అడగలేదు. ఆ ఒక్క మాట అడిగాడు. మర్నాడు పొద్దున వాళ్లమ్మ చీపురు గోడకు ఆనించి నా దగ్గరకొచ్చి, "నిజంగానే అంటాడామ్మా గౌడ, నా కొడుకుని?" అని అడిగింది. అంటారమ్మా అన్నాను. ఆ మాట సాయంత్రానికి గేరి అంతా తెలిసిపోయింది.

రిహార్సళ్లు బడిలో పెట్టాం. మొదటిరోజే గౌడ అన్నాడు, "వాణ్ని వాకిలి బయట నిలబడి పాడమను. గొంతు లోపలికి వస్తాది గదా." నేను హార్మోనియం ఎత్తుకుపోయి బయట వేపచెట్టు నీడలో పెట్టుకు కూర్చున్నాను. శ్రుతి లేకుండా ఎవడు పాడతాడో పాడనీ అనుకున్నాను. కాసేపటికి రాజు, మంత్రి, రాణి వేషం కట్టే మీసాలాయన అందరూ గొణుక్కుంటూ వేపచెట్టు కిందికే వచ్చారు.

పాటగాణ్ని నేను "మీరు" అంటున్నానని ఊళ్లో అదొక పెద్ద రాద్ధాంతం అయింది. నీళ్లకు పోయినప్పుడు పొరుగింటావిడ పట్టుకుంది. "ఏం టీచరమ్మా, గేరోణ్ని మీరు అంటాండావంట. మరి మా మగోళ్లను ఏమంటావు?"

"వాళ్లనూ మీరే అంటున్నాను గదమ్మా."

"ఇద్దురికీ ఒకటే అయితే ఇంగ మా వాళ్లకు మర్యాద ఏం మిగిలింది?"

చూశారా తెలివి! మర్యాద అంటే చెరువులో నీళ్లనుకుంటున్నారు, ఒకడు తాగితే ఇంకొకడికి తరిగిపోతుందన్నట్టు. కడవ ఎత్తుకుని వచ్చేశాను.

వేపచెట్టు కింద అతను మొదటిసారి పాట పూర్తిగా పాడాడు. "ఎవరమయ్యా మేము, మీకెవరమయ్యా?" అని పై షడ్జంలో ఆపి నిలబడ్డాడు. గౌడ కూడా తల ఊపాడు, కళ్లు చెమర్చాయి, నేను చూశాను. ఇక ఆయన అడగాలి. గొంతు సవరించుకుని అడిగాడు.

"ఎవడ్రా నువ్వు? యాడ్నుంచి వస్తివి?"

అతను అక్కడే మట్టిలో చతికిలబడి, "గౌడప్పా, మీరు మాట మర్చిపోయినట్టుండారు" అన్నాడు, ఎగతాళి దాచుకోకుండా.

గౌడ నావైపు తిరిగాడు. "నా నోరు తిరగల్యా టీచరమ్మా. కతలో గూడా వాడు గేరోడే గదా. గేరోణ్ని తమరు అనేది యాడన్నా ఉండాదా?"

"ఎలుగుబంటిని అన్నారు గదా గౌడప్పా!"

"అది ఎలుగుబంటి వేసం! లోపల ఉండేది మా మేనల్లుడు!"

అన్నాక ఆయనకే ఒక ఆలోచన తట్టింది. మొహం వెలిగిపోయింది. "అట్లయితే ఈ వేసం లోపల కూడా మా మేనల్లుణ్నే పెడతాం. మొగానికి రొంత మసి పూసుకుని నిలబడతాడు. వీడు తెర వెనకాల నిలబడి పాడతాడు. అప్పుడు తమరు అనడానికి నాకేం నొప్పి?"

మీరు నమ్మినా నమ్మకపోయినా ఆయన ఈ మాట నవ్వులాటకు అనలేదు. అంటరానివాడి బాధ చెప్పే పాటకు అంటరానివాడు అక్కర్లేదట, మసి చాలట. హార్మోనియం మూత వేసి లేచాను. నేను నోరు తెరిచేలోపే ఎలుగుబంటి మేనల్లుడు గయ్యిమన్నాడు.

"నేను కట్టను మామా! నేను పెండ్లి కావాల్సినోణ్ని. గేరోడి వేసం కట్టినానంటే నాకు పిల్లనెవురిస్తారు?"

నాలుగు కాళ్ల మీద గుర్రుమని పాకినప్పుడు పోని పరువు, మనిషి వేషం కడితే పోతుందట! వేపచెట్టు కింద గేరి మనిషి ఒక్కడే పడీ పడీ నవ్వాడు. "పోనీలేప్పా, ఎలుగుబంటికైతే పిల్లనిస్తారులే" అన్నాడు. మేనల్లుడు కొట్టడానికి లేచాడు, మంత్రి వేషం ఆయన పట్టుకుని ఆపాడు. ఆ రోజుకు రిహార్సలు సరి.

రెండు రోజుల తర్వాత గౌడ ఎంతో ఉదారంగా ఒప్పుకున్నాడు. "సరే, 'మీరెవరు' అంటా. కాకపోతే వాడు ఒంటరిగా రాకూడదు. గేరి నుంచి ఇంగ నలుగురిని తోడు తెచ్చుకోనీ. గుంపుగా వచ్చి నిలబడితే నిండుగా ఉంటాది." నాకు సంతోషమేసింది. తమరు కాకపోయినా మీరు అంటున్నాడు గదా, నలుగురు వస్తే ఇంకా మంచిదే గదా అనుకున్నాను. అతనికి చెప్పాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "నీకు తెలీదు టీచరమ్మా. ఐదు మందిని చూసి మీరు అంటే అది లెక్కకు మీరు, మర్యాదకు కాదు. గొర్రెల మందను గూడా మీరు అనొచ్చు. నేను ఒక్కణ్నే వస్తా. ఒక్కణ్ని చూసి అనమను."

తెలుగు చెప్పే టీచర్ని నేను. ఏకవచనం, బహువచనం బోర్డు మీద రాసి రాసి పిల్లల ప్రాణం తీసేదాన్ని. మన భాషలో ఈ సందు ఒకటి ఉందని, ఆ సందులోంచి పెద్దమనుషులు ఎంచక్కా జారిపోవచ్చని నాకెప్పుడూ తట్టలేదు. ఆ సందు ఇరుకు తెలిసేది అందులో నలిగేవాళ్లకే. నేరుగా గౌడ ఇంటికి వెళ్లి, అతను ఒక్కడే వస్తాడని, తమరు అనకపోతే పాట ఉండదని, పాట లేకపోతే నేనూ ఉండనని, అప్పుడు ఆఫీసరుకు ఏం చూపించుకుంటారో చూపించుకోమని చెప్పాను. ఆయన రోడ్డు గురించి ఆలోచించాడో, నాటకం గురించి ఆలోచించాడో తెలీదు. చాలాసేపు మీసం దువ్వుకుని, "సరేలేమ్మా, అంటాలే" అన్నాడు. పెళ్లాం ముందు, కూతురి ముందు అన్నాడు. నేను నమ్మాను.

ఆఫీసరు చీకటి పడకముందే బళ్లారి చేరాలన్నాడని నాటకం మధ్యాహ్నం పెట్టారు. బడి వసారాయే రంగస్థలం, ఆవరణలో పందిరి. ముందు వరసలో ఎడమపక్క ఆఫీసరుకు చేతుల కుర్చీ వేశారు. పందిరి చివర ఒక తాడు కట్టారు. తాడుకు ఇవతల ఊరు, అవతల ఎండలో గేరి. ఆఫీసరు కన్నడిగుడు, మైసూరు వైపు మనిషి, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడడు. జీపు దిగుతూనే, తాడు అవతలివాళ్లు అంత దూరంలో ఎందుకు నిలబడ్డారని అడిగాడు. "వాళ్లకు గాలి బేకంట సార్" అన్నాడు గౌడ, వాళ్లకు గాలి కావాలట అని, రెప్ప వాల్చకుండా. ఆఫీసరు తృప్తిగా తలాడించి కూర్చున్నాడు. నేను పెట్టె ముందు కూర్చుని పళ్లు నూరుకున్నాను. తాడు అవతల వాళ్లమ్మ మంచి చీర కట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, అందరికన్నా ముందు నిలబడి ఉంది.

ప్రార్థన అయింది. గౌడ సారథి తలపాగాతో నడుమకు వచ్చి నిలబడ్డాడు. కుడిపక్క నుంచి అతను ఒక్కడే వచ్చాడు. గొంగడి భుజాన వేసుకుని, తల ఎత్తుకుని పాడాడు. మైకు లేదు, అక్కర్లేదు కూడా. "కాలవ తవ్వితే నీళ్లు పారెను, కాలవ గట్టున నడవద్దంటిరి" అనేసరికి తాడు అవతల నుంచి ఈలలు మోగాయి. "ఎవరమయ్యా మేము, మీకెవరమయ్యా?" అని ఆగి, గౌడవైపు తిరిగి, ఎదురు చూశాడు.

గౌడ చేతులు జోడించలేదు. పైకప్పు దూలాలకేసి చూస్తూ అడిగాడు.

"ఎవురు వచ్చింది?"

మన భాషలో ఇది ఇంకో సందు. నువ్వూ కాదు, మీరూ కాదు, తమరు అసలే కాదు. ఎవురు వచ్చింది, యాడికి పోయేది, ఏం తినేది! ఎదుటివాడికి ఏ విలువా ఇవ్వకుండా, ఇవ్వలేదన్న నింద కూడా రాకుండా మాట్లాడే విద్య. పల్లెల్లో ఆ విద్యలో పండిపోయిన వాళ్లుంటారు. అన్నాళ్లూ ఆయన రాత్రుళ్లు కూర్చుని ఇదే వెతికి ఉంటాడు.

అతను పాడలేదు. నేను శ్రుతి పట్టుకునే ఉన్నాను. అతను చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు. "సారథిగారూ, తమరు ఏమడిగితిరో వినపడలేదు. ఇంగోసారి అడగండి."

"ఎవురు వచ్చింది అంటాండా."

"వినపడలేదప్పా."

పందిట్లో కలకలం రేగింది. ఎవరో "ఒరేయ్, పాడరా" అని అరిచారు. తాడు అవతల మాత్రం జనం చెవులు రిక్కించి తాడు మీదికి వంగారు. గౌడ మూడోసారి కూడా అదే అడిగాడు, అతను మళ్లీ అదే చెప్పాడు. ఆఫీసరు ఇదంతా నాటకంలో హాస్యమే అనుకున్నట్టున్నాడు, ముందు నవ్వాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. విసుగొచ్చి, "కేళయ్యా, సరియాగి కేళు!" అని గసిరాడు. సరిగ్గా అడగవయ్యా అని. ఊరి గౌడను, ఊరందరి ముందు, పాలేరును గసిరినట్టు. గౌడకు అది తగిలింది. మొహం కందగడ్డ అయింది. నాకు లోపల భలే సంతోషం వేసింది, దాచుకోను.

అప్పుడు గౌడ రెండు చేతులూ జోడించాడు. నడుము వంచాడు. ఆ గంటలాంటి గొంతు పూర్తిగా విప్పి, తాడు అవతల ఆఖరి మనిషికి కూడా వినబడేలా అడిగాడు.

"తమరెవరు? తమ నామధేయమేమి? తమది ఏ పురము?"

తాడు అవతల ఒక్కసారిగా కేరింతలు. తలగుడ్డలు గాల్లోకి ఎగిరాయి. కానీ నేను వసారా మీద కూర్చున్నాను, నాకు కనబడుతోంది. గౌడ అడిగింది అతన్ని కాదు. దండం ఎడమపక్కకు, నడుము వంచింది ఎడమపక్కకు, కళ్లు ఆఫీసరు కుర్చీ మీద. కుడిపక్క నిలబడ్డ మనిషికి ఆయన వీపు మాత్రమే దక్కింది. ఆఫీసరు అది తనకు చేసిన గౌరవమే అనుకుని చిరునవ్వుతో చెయ్యెత్తాడు.

నేను శ్రుతి ఇచ్చాను. మళ్లీ ఇచ్చాను. అతను నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. జనానికి దండం పెట్టి, పాడకుండానే లోపలికి వెళ్లిపోయాడు. వెంటనే డోలు మోగింది, రాజు వచ్చాడు. గౌడ రాజుకు ఎదురుగా తిరిగి, వంగి వంగి, "తమరెవరు" అని కళ్లలో కళ్లు పెట్టి అడిగాడు. నేను పెట్టె మూసేశాను. ఆ నాటకం మిగతాదంతా డోలు మీదే నడిచింది. చివర్లో ఆఫీసరు కన్నడంలో ఉపన్యాసం ఇచ్చాడు. అన్నిటికన్నా ఆ మొదటి పాటే తన గుండెను తాకిందని, ఇలాంటి ఊళ్లో అంటరానితనానికి ఇక చోటు లేదని చెప్పి, గౌడ మెడలో దండ వేశాడు.

జీపు కదలగానే నేను గౌడను పట్టుకున్నాను. "మాటిచ్చారు గదా గౌడప్పా! సిగ్గనిపించలేదా మీకు?"

ఆయన నింపాదిగా తలపాగా విప్పుకున్నాడు. "అంటి గదమ్మా, నా నోటితోనే అంటి. ఊరంతా విన్యారు. యాడ చూస్తా అనాలో నువ్వు రాయల్యా గదా!"

ఆయన మొహంలో గెలుపు నవ్వు. ఒక మనిషికి ఒక్క మాట దక్కకుండా చేయడానికి ఎంత బుర్ర, ఎంత కష్టం, ఎంత కళ! అందులో సగం కష్టం పెడితే ఆ మాట అనేయొచ్చు గదా! మీరు ఎలుగుబంటికి పెట్టే దండం కూడా పెట్టలేకపోయారని మొహాన అనేసి, ఇంటికి పోకుండా వంక దాటి గేరికి వెళ్లాను. అతనికి ఏం చెప్పాలో తెలీదు. చెప్పకుండా ఉండలేను.

గేరిలో పండగలా ఉంది. తాడు అవతల నుంచి, పందిట్లో జనం తలల మీదుగా, వాళ్లకు మాట వినబడింది గానీ గౌడ ఎటు తిరిగి అన్నాడో కనబడలేదు. "గౌడ తమరన్యాడు, మనోణ్ని తమరన్యాడు" అని పిల్లలు అరుస్తూ తిరుగుతున్నారు. అతను ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మంచి చీరలో ఉన్న తల్లి ఎదురుగా నిలబడి అతన్ని తిడుతోంది.

"అంత పెద్దమనిసి, నడుం వంచి, అందురి ముందర అంత మర్యాదగా అడిగితే, బదులు చెప్పకుండా వస్తివేమిరా? అంత పొగరా నీకు? మీ నాయన పేరు చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

నేను ఒక అడుగు ముందుకు వేశాను. అతను నన్ను చూశాడు. వద్దన్నట్టు చెయ్యి కాస్త ఎత్తాడు. గౌడ ముందు, ఆఫీసరు ముందు మూడుసార్లు తగ్గకుండా నిలబడ్డ మనిషి, తల్లి ముందు తల దించుకున్నాడు.

"గొంతు పట్టుకున్యాదమ్మా" అన్నాడు.